పాత ఇంపల్స్‌ని మట్టిదారికి తయారుచేయడం

హీరో ఇంపల్స్ బైకు 2011లో వచ్చినప్పుడు దానికి పోటీ లేదు, కొనేవాళ్లూ పెద్దగా లేరు. 149.2 సీసీ ఇంజిన్, ముందు 19 అంగుళాల చక్రం, వెనక 17, బరువు 134 కిలోలు. ఆ తేలికదనం వల్లే ఇవాళ దీన్ని వెతుక్కుని మరీ కొంటున్నారు. ఇసుకలో పడిపోతే ఒక్కరే లేపుకోవచ్చు. తయారీ ఆగిపోయి ఏళ్లయినా, ఇంజిన్ సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్, హంక్‌ల కుటుంబానిదే కాబట్టి లోపలి సామాను ఇంకా దొరుకుతోంది. దొరకడం కష్టమయ్యేవి ప్లాస్టిక్ కవర్లు, సీటు, మీటరు. కనుక ఇంజిన్ కండిషన్ కంటే ముందు బాడీ నిండుగా ఉందా అని చూడండి. పొగ వదిలే ఇంజిన్‌ని వారంలో బాగు చేయించవచ్చు. ట్యాంకు పక్క కవర్ కోసం మాత్రం బెంగళూరులో పాత సామాను దొరికే జేసీ రోడ్డు, కలాసిపాళ్యం, శివాజీనగర్ అన్నీ తిరిగినా ఖాళీ చేతులతో రావాల్సి రావచ్చు.

బండి ఇంటికి రాగానే చాలామంది కొనేది ఫాగ్ లైట్లు, హ్యాండ్ గార్డులు, బ్యాగులు. అవి చివర కొనాల్సినవి. కొత్తగా తగిలించే ప్రతి వస్తువూ ఏదో ఒక పాత భాగం మీద భారం వేస్తుంది. పదేళ్ల బేరింగు మీద, ఎండిన రబ్బరు మీద ఆ భారం పడితే ఏం జరుగుతుందో కదిరి దాటాక తెలుస్తుంది.

కొనే ముందు

ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను బండి మీద ఉన్న వాటితో మీరే సరిపోల్చండి. లోన్ తీరినా హైపోథికేషన్ (ఆర్‌సీ మీది బ్యాంకు హక్కు) తీయించకపోతే ఫారం 35 కోసం బ్యాంకు చుట్టూ తిరగాల్సింది మీరే. ఏపీ, తెలంగాణ నంబరు బండిని బెంగళూరులో కొని ఇక్కడే ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ తప్పవు. ఆ లెక్క బేరంలోనే తేల్చుకోండి. 15 ఏళ్లు నిండితే ఫారం 25తో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. అంటే 2011 బండికి ఆ గడువు 2026. అప్పుడు బండిని చూపించాలి కాబట్టి అసలు సైలెన్సర్, అద్దాలు, ఇండికేటర్లు పారేయకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు. రంగు మార్చినా ఎక్కించుకోవాలి. ఈ గైడులో ఇంజిన్ సీసీ, ఫ్రేమ్ కొలతలు, సైలెన్సర్ జోలికి వెళ్లడం లేదు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయమనండి. ముందే వేడి చేసి పెట్టి ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వెళ్లిపోవడమే మేలు. స్టార్ట్ అవగానే నీలం పొగ కాస్త వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయాయి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు, బోరు. కంప్రెషన్ గేజు ఉంటే సందేహమే ఉండదు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి కిక్ కొట్టి రీడింగ్ తీసుకోండి, ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ తీయండి. రెండోసారి రీడింగ్ బాగా పెరిగితే లోపం రింగుల్లో ఉంది. మొదటిది తక్కువగా ఉండి రెండోసారీ పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు.

తర్వాత సెంటర్ స్టాండ్ లాంటి ఆధారంతో ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్‌ని మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో టక్‌మని ఆగినట్టు అనిపిస్తే బాల్ రేసర్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు, పోయింది. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) బుష్‌ల సంగతి బయటపడుతుంది. ఇవి ఎలాగూ మారుస్తాం కాబట్టి బేరానికి పనికొస్తాయి, బండి వదులుకోవడానికి కారణం కావు. హెడ్‌స్టాక్ (హ్యాండిల్ బేరింగు కూర్చునే ఫ్రేము గొట్టం) దగ్గర వెల్డింగ్ మచ్చ, ఒకవైపు మాత్రమే కొత్త పెయింటు కనిపిస్తే మాత్రం వదిలేయండి.

విప్పేటప్పుడు

కవర్ల మీదున్న ప్లస్ స్క్రూలు చూడటానికి ఫిలిప్స్‌లా ఉన్నా జపాన్ పద్ధతి జేఐఎస్ స్క్రూలు. మామూలు స్క్రూడ్రైవర్ పైకి జారి తలను తినేస్తుంది. ఒక జేఐఎస్ 2 నంబరు బిట్, చేత్తో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ కొనుక్కుంటే ఆ ఖర్చు మొదటి రోజే తిరిగొస్తుంది. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే రస్ట్ రిమూవర్ కొట్టి వదిలేయండి. ఒక్కో భాగం బోల్టులు ఒక్కో జిప్ కవర్‌లో వేసి పేరు రాయండి. వైరింగ్ విప్పే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. బిగించేటప్పుడు అల్యూమినియంలోకి వెళ్లే 6 మి.మీ. బోల్టుకు 10 న్యూటన్ మీటర్లు, 8 మి.మీ.కు 20 చాలు. మెకానిక్ షాపులో ఎయిర్ గన్‌తో బిగించి మరలు తెంపిన బండ్లే ఎక్కువ. తెగిన చోట హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగచుట్ట) వేయించండి, లావు బోల్టు కొట్టించకండి.

బాల్ రేసర్‌తో మొదలు

మట్టిదారిలో ముందు చక్రం ఎక్కడికి పోతోందో చేతికి తెలియాలి. ఆ కబురు మోసేది ఈ బేరింగే. కంపెనీ నుంచి వచ్చేది గోళీల రకం. గోళీ తను కూర్చునే కప్పును (ఇనుప రింగును) ఒక్క చుక్క దగ్గరే తాకుతుంది. గుంతలో పడ్డప్పుడల్లా హ్యాండిల్ దాదాపు సూటిగానే ఉంటుంది కాబట్టి దెబ్బలన్నీ అదే చోట పడి గుంటలు పడతాయి. మధ్యలో టక్‌మని ఆగేది అందుకే. కొత్త గోళీల సెట్ వేసినా కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. టేపర్ రోలర్ బేరింగ్ గీతలా తాకి భారాన్ని పంచుకుంటుంది, కాబట్టి ఒకేసారి దానికి మారిపోండి.

పాత కప్పులను కింది నుంచి పొడవాటి ఇనుప కడ్డీతో చుట్టూ మార్చిమార్చి కొట్టి తీయాలి. ఒకవైపే కొడితే వంకరగా దిగి హెడ్‌స్టాక్ గీరుకుపోతుంది. కొత్త కప్పులను గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి, ఫ్రేమును హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేస్తే సగం శ్రమ తగ్గుతుంది. స్టెమ్ (హెడ్‌స్టాక్‌లో తిరిగే కడ్డీ) మీద కింద కూర్చున్న పాత రింగుకు గ్రైండర్‌తో మూడొంతుల లోతు గాటు పెట్టి ఉలితో ఒక్క దెబ్బ వేస్తే విచ్చుకుంటుంది. గాటు స్టెమ్‌ని తాకకూడదు. కొత్త బేరింగ్ దింపేటప్పుడు దాని లోపలి రింగు మీదే ఆనే పైపు వాడండి. రోలర్లను పట్టుకునే జాలీ మీద, రోలర్ల మీద దెబ్బ పడితే కొత్త బేరింగ్ అక్కడికక్కడే చెత్త. రోలర్ల సందుల్లోకి ఎన్‌ఎల్‌జీఐ 2 రకం (గట్టిదనం గ్రేడు) లిథియం గ్రీజును అరచేతితో నొక్కి నింపండి, పైపైన పూస్తే లాభం లేదు.

టేపర్ సెట్ ఎత్తు గోళీల సెట్‌కి ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా ఉండొచ్చు. పై నట్టుకు మరలు పూర్తిగా పట్టాయా, డస్ట్ కవర్ రాసుకుంటోందా చూసుకోండి. బిగింపుకు ఒక పద్ధతి ఉంది. నట్టు గట్టిగా బిగించి హ్యాండిల్‌ని ఐదారు సార్లు ఇటు చివర నుంచి అటు చివరకు తిప్పండి. తర్వాత పూర్తిగా వదులు చేసి, ఊపు పోయేవరకు మాత్రమే మళ్లీ బిగించండి. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ని మధ్య నుంచి వేలితో తోస్తే సొంత బరువుతో చివరిదాకా పడిపోవాలి. ఫోర్కులు (ముందు చక్రాన్ని మోసే రెండు కాళ్లు) పట్టుకుని ముందుకు వెనక్కు లాగితే టకటక రాకూడదు. ఎక్కువ బిగిస్తే బండి రోడ్డు మీద పాములా వంకర్లు పోతుంది, తక్కువైతే బ్రేకు కొట్టినప్పుడు దడదడమంటుంది. 200 కిలోమీటర్లు నడిచాక మరోసారి సరిచూడాలి.

చక్రాల బేరింగులు, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు కూడా ఇప్పుడే. పాత బేరింగ్ మీదున్న నంబరే కొత్తదానికీ ఉండాలి. నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు. బురద, నీళ్లకు అదే కావాలి.

ఫోర్కులు

ఫోర్కు గొట్టాన్ని గాజు పలక మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. వంగితే రోలింగ్ చేయించడం కంటే మార్చడం నయం. తుప్పు చుక్కలు సీలు నడిచే మేరలో ఉంటే కొత్త సీలు కూడా నెలలో కారుతుంది. చిన్న చుక్కలైతే 1200 నంబరు వాటర్ పేపర్‌తో గొట్టం చుట్టూ, అంటే అడ్డంగా రుద్దండి. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంబడి ఆయిల్ పైకి పాకుతుంది. లోతుగా తిన్నవాటికి బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్య వైపు హార్డ్ క్రోమ్ చేసేవాళ్లు ఉన్నారు.

పాత ఆయిల్ తీశాక ఫోర్కును తలకిందులుగా రాత్రంతా వదిలేయండి. నల్లటి మడ్డి చివర్లోనే దిగుతుంది. నింపేటప్పుడు మిల్లీలీటర్ల కొలత మొదటి అంచనాకే. అసలు చూడాల్సింది గాలి ఖాళీ. స్ప్రింగు తీసేసి, గొట్టాన్ని పూర్తిగా కిందికి నొక్కి, పది సార్లు పంపు చేసి గాలి బుడగలు పోయాక, పై అంచు నుంచి ఆయిల్ వరకు స్కేలుతో కొలవండి. రెండు కాళ్లలో తేడా 2 మి.మీ. మించకూడదు. ఈ ఖాళీ 10 మి.మీ. తగ్గిస్తే ఫోర్కు చివరిదాకా దిగే ముందు గట్టిగా ఎదురుతిరుగుతుంది. పెద్ద గుంతలో ఠపీమని తగలడం పోతుంది, చిన్న కంకర మీద మెత్తదనం అలాగే ఉంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే ఇది జరగదు. చిన్న రాయికీ పెద్ద గుంతకీ ఒకే మొండితనం చూపించి చేతులు నొప్పి పుట్టిస్తుంది. అందుకే ముందు ఖాళీతో సరిచేయండి, గ్రేడు తర్వాత.

సామానుతో సహా మీరు కూర్చున్నప్పుడు సస్పెన్షన్ దాని మొత్తం ప్రయాణంలో దాదాపు మూడో వంతు దిగాలి. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒక కొలత, మీరు కూర్చున్నాక ఒక కొలత, తేడా చూడండి. ముందు ఎక్కువ దిగుతుంటే స్ప్రింగు మీద 10 నుంచి 20 మి.మీ. గట్టి పీవీసీ పైపు ముక్క పెట్టవచ్చు. ముక్క రెండు చివరలూ సమంగా కోసి, స్ప్రింగుకి దానికి మధ్య వాషర్ వేయడం మరవొద్దు.

పెట్రోలు మారింది, కార్బ్యురేటర్ మారలేదు

ఇంపల్స్ తయారైన రోజుల్లో బంకుల్లో ఇథనాల్ ఇంత లేదు. ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ ఉన్న ఈ20. దీని వల్ల మూడు తంటాలు. పాత రబ్బరు పైపులు, ఓ రింగులు ఉబ్బి పగులుతాయి. ఇథనాల్ తేమను లాక్కుంటుంది కాబట్టి వాడకుండా నిలబెట్టిన బండి ట్యాంకు అడుగున తుప్పు మొదలవుతుంది. మూడోది మిక్చర్, అంటే గాలి, పెట్రోలు కలిసే పాళ్లు. శుద్ధ పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి సరిపోతే ఈ20కి సుమారు 13.5 చాలు. కార్బ్యురేటర్‌లో పెట్రోలు వదిలే చిన్న రంధ్రం, అంటే జెట్టు, మాత్రం పాత కొలతలోనే వదులుతుంది, అంటే ఇంజిన్ ఆకలితో నడుస్తుంది.

బెంగళూరులో ఇది పెద్దగా బయటపడదు. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన, అందువల్ల కార్బ్యురేటర్ మిక్చర్ కాస్త చిక్కబడి ఈ20 తెచ్చిన లోటును కొంత కప్పేస్తుంది. అదే బండి ఘాట్ దిగి చిత్తూరు దాటి నెల్లూరు వైపు వెళ్తే గాలి చిక్కనవుతుంది, ఎండ మండుతుంది, హైవేలో ఫుల్ థ్రాటిల్. అప్పుడు ఇంజిన్ విపరీతంగా వేడెక్కి టకటకమంటుంది. ఇక్కడ సెట్ చేసుకుని అక్కడికి పోయేవాళ్లు మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది దగ్గర ఉంచుకోండి.

కార్బ్యురేటర్ శుభ్రం చేసేటప్పుడు పైలట్ స్క్రూని మెత్తగా చివరిదాకా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుని అప్పుడు తీయండి. గట్టిగా నొక్కితే మొన విరుగుతుంది. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే చిక్కబడుతుంది. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే పలచబడుతుంది. పైలట్ జెట్ రంధ్రంలో సూది పెట్టకండి, క్లీనర్ స్ప్రే, గాలి చాలు. సగం థ్రాటిల్ దాటాక పికప్ లేకపోతే ముందు పై మూత తీసి డయాఫ్రమ్‌ని (పల్చటి రబ్బరు పొరని) వెలుతురుకు పట్టి చూడండి, చిల్లు ఉండొచ్చు. సర్దుబాటయ్యాక పది కిలోమీటర్లు లాగించి ఇంజిన్ ఆపి ప్లగ్ చూడండి. తెల్లగా సున్నంలా ఉంటే పలచన, మసిగా ఉంటే చిక్కన, ఇటుక పొడి రంగు సరైనది.

ట్యాంకు తుప్పుకు మందు వంటింట్లోనే ఉంది. పెట్రోల్ కాక్ తీసి రంధ్రం మూసేసి, నిండా వెనిగర్ పోసి ఒక రోజు ఉంచండి. మొండి తుప్పు ఉంటే గుప్పెడు నట్లు వేసి ఊపండి, బయటికి తీసేటప్పుడు లెక్కపెట్టుకోండి. వంచేసి, లీటరు నీళ్లకు రెండు చెంచాల తినేసోడా కలిపి కడగాలి, లేకపోతే మిగిలిన ఆమ్లం లోహాన్ని తింటూనే ఉంటుంది. కడిగిన వెంటనే వేడిగాలితో ఆరబెట్టి, కాస్త ఇంజిన్ ఆయిల్ కలిపిన పెట్రోలు లోపలంతా తిప్పండి. అరగంట ఆలస్యమైనా ఎర్రపొర మళ్లీ వచ్చేస్తుంది.

ఇంజిన్ ఆయిల్ 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 ముద్ర (బైకు క్లచ్‌కు పనికొస్తుందనే గుర్తు) ఉన్నది. కార్ల ఆయిల్ పోస్తే అందులోని జారుడు రసాయనాలకు క్లచ్ ప్లేట్లు జారతాయి. లీటరు చుట్టూ పడుతుంది, కొలపుల్ల చూసే పోయండి. వాల్వ్ క్లియరెన్స్ (రాకరుకీ వాల్వుకీ మధ్య సందు) పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద, పిస్టన్ పైకి వచ్చినట్టు చూపే టీ గుర్తు దగ్గర రెండు రాకర్లూ వదులుగా ఉన్నప్పుడు చూడాలి. వదులుగా లేకపోతే ఒక చుట్టు తిప్పండి, మీరు వేరే స్ట్రోక్‌లో ఉన్నారు.

చైన్

428 చైన్‌లో ఒక్కో లింకు 12.7 మి.మీ. చైన్‌ని బిగుతుగా లాగి 20 లింకులు కొలిస్తే కొత్తది 254 ఉంటుంది. 259 దాటితే చైన్, రెండు స్ప్రాకెట్లూ కలిపే మార్చండి. మట్టికి, ఘాట్‌కి ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తగ్గించడం అన్నిటికంటే చవకైన మార్పు. 14 పళ్లది 13 చేస్తే అదే వేగానికి ఇంజిన్ దాదాపు 8 శాతం ఎక్కువ తిరుగుతుంది. హైవేలో అరుపు పెరుగుతుంది, కానీ మొదటి గేరులో రాళ్ల మీద క్లచ్ కాల్చే అవసరం తగ్గుతుంది. సస్పెన్షన్ ప్రయాణం ఎక్కువున్న బండి కాబట్టి చైన్ వదులును మనిషి కూర్చుని ఉండగా కూడా చూడండి. ఖాళీ బండి మీద సరిగ్గా బిగించింది, లోడు పడ్డాక తీగలా బిగిసి గేర్‌బాక్స్ సీలును తినేస్తుంది.

ఇప్పుడు తగిలించేవి

ముందు బాష్ ప్లేటు, అంటే ఇంజిన్ అడుగును రాళ్ల నుంచి కాపాడే పలక. 300 x 250 మి.మీ. ముక్క 3 మి.మీ. ఇనుముతో చేస్తే సుమారు 1.8 కిలోలు, 4 మి.మీ. అల్యూమినియంతో చేస్తే 0.8 కిలో. పీణ్యలో లేజర్ కటింగ్ చేసేవాళ్లకు అట్ట ముక్క మీద గీసిన కొలతలు ఇస్తే చాలు. ప్లేటును ఫ్రేము గొట్టాలకు క్లాంపులతో బిగించాలి. ఇంజిన్ బోల్టులకు తగిలిస్తే రాయి కొట్టిన దెబ్బ నేరుగా అల్యూమినియం కేసింగ్ మీదికి పోయి పగులుతుంది, అప్పుడు ప్లేటు లేకపోవడమే నయమనిపిస్తుంది. ఇంజిన్ అడుగుకి, ప్లేటుకి మధ్య వేలు దూరేంత ఖాళీ, డ్రెయిన్ బోల్టుకు రంధ్రం ఉంచండి. ఇది గాలితో చల్లబడే ఇంజిన్, పక్కలు మూయొద్దు.

లైట్లకు ముందు మల్టీమీటరు తీయండి. ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం దగ్గర ఉండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. మీరు తగిలించాలనుకున్నవన్నీ వెలిగించాక అది 13 కంటే దిగితే ఛార్జింగ్ కాయిల్ మోయలేకపోతోందని అర్థం, దీపాలు తగ్గించండి. 20 వాట్లవి రెండు అంటే 3.3 ఆంపియర్లు, దానికి 5 ఆంపియర్ ఫ్యూజు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఫ్యూజు, అక్కణ్నుంచి రిలే 30వ పిన్నుకు, 87 నుంచి దీపాలకు, 85 ఎర్తుకు, ఇగ్నిషన్ ఆన్ అయితేనే వచ్చే లైను స్విచ్ మీదుగా 86కు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో రిలే, హోల్డరు, 1.5 చదరపు మి.మీ. వైరు అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. హెడ్‌లైట్ వైరును గిల్లి లైన్ తీసుకోకండి, వర్షంలో రెండూ కలిసి ఆరిపోతాయి. ఊళ్లో ఈ అదనపు దీపాలకు కవర్లు వేసి ఉంచండి.

వెనక ర్యాక్ వెల్డింగ్ చేయిస్తుంటే బ్యాటరీ రెండు వైర్లూ, సీడీఐ (ప్లగ్‌కు నిప్పురవ్వ పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) కనెక్టరూ ముందే ఊడదీయండి. బలానికి అతికించే పట్టీ చివర నలుచదరంగా ఉంటే పగులు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. చేపతోకలా సన్నబడేలా కోయించండి. అసలు చెప్పాలంటే ఈ బండికి ఇనుప పెట్టెలు బరువు. రెండు పక్కలా వేలాడే మెత్తటి బ్యాగులు, బరువు వీలైనంత ముందుకు, కిందికి ఉండేలా కట్టడం మేలు.

హ్యాండిల్ రైజర్లు (హ్యాండిల్‌ని ఎత్తే ముక్కలు) వేస్తే ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడండి. క్లచ్ కేబుల్, బ్రేకు హోస్ లాక్కుంటున్నా, తిప్పినప్పుడు ఐడ్లింగ్ పెరుగుతున్నా రైజరు ఎత్తు ఎక్కువైనట్టే.

టైర్లు 90/90-19, 110/90-17. ముందు 100/90-19 వేయాలనిపిస్తే ఫోర్కు, మడ్‌గార్డ్ మధ్య ఖాళీ కొలిచాకే. బురద పట్టి టైరు మందం పెరుగుతుందని మరవకండి. ట్యూబు టైర్లు కాబట్టి మట్టిలో గాలి ముందు 18, వెనక 20 పీఎస్‌ఐ కంటే తగ్గించొద్దు. రాయి అంచుకు ట్యూబు రిమ్ముకు నొక్కుకుని పక్కపక్కన రెండు కోతలు పడతాయి. ఆ పాముకాటు గుర్తు కనిపిస్తే మేకు కోసం వెతకడం వృథా. కొత్త ట్యూబుకి టాల్కం పౌడర్ రాసి ఎక్కించండి, మెలిక పడదు.

మొదటి పరీక్ష

100 కిలోమీటర్లయ్యాక స్పోకులన్నీ స్పానరుతో తట్టి వినండి. మంచివి గంటలా మోగుతాయి, వదులైనవి బొంగురు. వదులున్నవి పావు చుట్టు మాత్రమే బిగించి చక్రం తిప్పి చూడండి. ఇంజిన్ మౌంటు బోల్టులు, ర్యాక్ క్లాంపులు కూడా అప్పుడే. తర్వాత హోస్కోటె, చింతామణి, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్‌కి ఒక పూట సామాను మొత్తంతో వెళ్లి రండి. వెళ్లేది 150 కిలోమీటర్ల చిల్లర, చివర ఘాట్ ఉంది, దారంతా మెకానిక్కులు ఉన్నారు. దిగేటప్పుడు ముందు బ్రేకు లివరు మెత్తబడి హ్యాండిల్‌కి దగ్గరైతే పాత బ్రేకు ఆయిల్ నీళ్లు పీల్చుకుని మరుగుతున్నట్టు. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్త సీసా తెరిచి పూర్తిగా మార్చండి. చిక్‌బళ్లాపురం చుట్టుపక్కల క్వారీల దారుల్లో తిరిగి వస్తే ఆ రాత్రే ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరవండి. బూడిదలాంటి గ్రానైట్ పొడి ఫిల్టర్ దాటి లోపలి వైపు గోడ మీద కూడా వేలికి అంటుకుంటే పెట్టె అంచు రబ్బరు సరిగా కూర్చోలేదు. గండికోటకు బయల్దేరే ముందు చూడాల్సిన చివరి చోటు అదే.